తడి సిమెంటు వాసన

2087 ఫిబ్రవరి 4, మంగళవారం. డెబ్భై ఒకటో రోజు

ఈ పొద్దున్న చెవి నూకరాజు బాబాయికి పచ్చ వెలిగించింది. భోజనశాలలో ఉన్న ముప్ఫై ఒక్కమందిమీ కంచాల మీద చెంచాలు మోగించాం. యాభై రెండు రోజులుగా ఆయనకు పసుపే మరి. ఆయన తల దించుకుని నిలబడ్డాడు. అందరికంటే గట్టిగా మోగించింది నేను. ఎందుకంటే ఆయన చెప్పిన మాటలు నావి.

నేను చూపిస్తే తప్ప ఈ నోటుబుక్కు ఎవరూ చదవరని ఇక్కడ మా అందరినీ చూసుకునే మస్తానమ్మక్క మాటిచ్చింది కాబట్టి దాచకుండా రాస్తున్నాను.

చెవి అంటే భోజనశాల కప్పుకు బోర్లించి వేలాడదీసిన రాగి గిన్నె లాంటి యంత్రం. రోజూ పొద్దున్నే ఒక్కొక్కరం దాని కింద నిలబడి నిన్నటి ఆబ గురించి చెప్పాలి. ఎప్పుడు వచ్చింది, ఒంట్లో ఎక్కడ పట్టుకుంది, ఎలా వదిలింది. హెరాయిన్ మానేసి నిలదొక్కుకున్న వేలమంది మాటలు విని అది పని నేర్చుకుందట. వాళ్ళు వాసనలతో, చప్పుళ్ళతో సహా చెప్పారు. అందుకని అలా చెప్పేవాళ్ళకు పచ్చ. "పర్లేదు", "బాగున్నాను" అంటే పసుపు, పైగా ఆ పూట అందరి కంచాలూ తోమాలి. వరసగా పది పచ్చలొస్తే శనివారం పడవ ఎక్కి ఇంటికి.

బాబాయి యాభై రెండు రోజులూ "పర్లేదు" అన్నాడు, యాభై రెండు రోజులూ కంచాలు తోమాడు.

ఆయనా నేనూ ఒక జంట. గట్టు మీద అందరూ జంటలే. గట్టు అంటే కాకినాడకు దూరంగా సముద్రంలో ఒకప్పుడు గ్యాసు తోడిన పాత ఇనుప కట్టడం. గ్యాసు అయిపోయాక మాలాంటివాళ్ళకు వదిలేశారు, దాని కాళ్ళకు ఇప్పుడు నాచు పెంచే తాళ్ళు వేలాడుతుంటాయి. జంటకొక తాడు. నేను పైకి లాగుతాను, బాబాయి తాడుకు పట్టిన గుల్లలు గీకి, ఖాళీ అయిన చోట నాచు మొలకలు కడతాడు. నిన్న ఆ పనిలోనే అన్నాడు:

"నాకు మాటలు రావే అమ్మడూ. ఇంజను ఇప్పమను, కళ్ళు మూసుకుని ఇప్పుతాను. మనసు ఇప్పమంటే ఏ నట్టు ఎక్కడుందో నాకేం తెలుత్తాది?"

"ఏదో ఒకటి చెప్పు బాబాయ్. ఏ వాసన వస్తే గుర్తొస్తుంది?"

"పర్లేదు."

"ఇదిగో, ఇందుకే కంచాలు."

ఆయన నవ్వలేదు. "ఇరవై రెండో తారీకున సాగరిక కాలవ ఈదుతాది," అన్నాడు.

సాగరిక ఆయన కూతురు. వాళ్ళది మునిగిన ఊరు, ఇళ్ళన్నీ స్తంభాల మీద ఉంటాయట. పిల్లలు పదేళ్ళు నిండాక ఇంటి మెట్టు నుంచి బడి మెరక దాకా ఒకసారి ఈదాలి. పక్కనే తండ్రి పడవ నడుపుతాడు. ఆ ఈత అయితేనే బిడ్డ ఒంటరిగా బడికి వెళ్ళడానికి ఊరు ఒప్పుకుంటుంది.

"పక్కన నేను లేకపోతే దాని మేనమావ పడవేత్తాడు. ఊరంతా సూత్తాది," అన్నాడు.

అందుకే మాటలు ఇచ్చాను. ఊహించి కాదు, నావే ఇచ్చాను. మా హాస్టలు వెనక సగం కట్టి వదిలేసిన మేడ ఉండేది. వాన పడితే దాని మెట్ల మీద తడి సిమెంటు వాసన వచ్చేది. నేను పొడి తీసుకున్నది అక్కడే. ఇప్పటికీ ఆ వాసన తలుచుకుంటే నా నాలుక వెనక చేదు ఊరుతుంది. ఇదంతా ఆయనతో నాలుగుసార్లు అప్పజెప్పించాను. "నాలుక వెనక" దగ్గర రెండుసార్లు తడబడ్డాడు.

నాకు ఇంకా ఏడు పచ్చలే. అయినా ఇవాళ వచ్చిన పచ్చే ఎక్కువ నాదనిపిస్తోంది.


ఫిబ్రవరి 6, గురువారం. డెబ్భై మూడో రోజు

గట్టు మీద ఒక నిఘంటువు ఉంది. ఉప్పుగాలికి ఉబ్బి ఇటుకంత అయింది. రోజుకు ఒక పుట చదవాలని నియమం పెట్టుకున్నాను, మూడు పుటల దగ్గర కూడా ఆపలేకపోతున్నాను. ఆబ, యావ, తహతహ మూడూ ఒకటి కావని ఈ వారం తేల్చాను. ఆబ నోటిది. యావ మనసుది. తహతహ కాళ్ళది, నిలబడనివ్వదు.

పొడి తీసుకున్న ఏడాదిలో నేను వాడిన మాటలు లెక్కపెట్టాను. ఉందా. ఎంత. ఇవ్వు. రేపటినుంచి. నాలుగే. ఇప్పుడు నిఘంటువులో ఏ పుట తిప్పినా ఎవరో నా సామాను దాచిపెట్టి తిరిగి ఇస్తున్నట్టుంటుంది.

బాబాయికి మూడో పచ్చ. ఇవాళ్టి మాటలు: "తడిసిన గోడకు వీపు ఆనించినట్టు చలి." ఇది బాగా కుదిరింది.

నా గది పైడితల్లిది కూడా. ఆవిడకు అరవై రోజులు దాటాయి, విజయనగరం వైపు మనిషి. అద్దం ముందు జడ వేసుకుంటూ అడిగింది:

"ఏటే, నీ బాబాయి ఒక్కపాలి పండితుడైపోనాడు? మొన్నటిదాకా పర్లేదు పంతులు కదా."

"మాటలు వస్తున్నాయి పైడక్కా."

"ఒస్తన్నాయా? ఎవులో తెస్తన్నారా?" అని నా వైపు చూసింది. "నాకూ రెండు ముక్కలు రాసి పెట్టీ గుంటా. నాకు కంచాలు తోమి తోమి గోళ్ళు అరిగిపోనాయి."

నవ్వి ఊరుకున్నాను. ఊరుకున్నానని రాశాను కానీ అది నిజం కాదు. రెండు వాక్యాలు అప్పుడే తట్టాయి.


ఫిబ్రవరి 9, ఆదివారం. డెబ్భై ఆరో రోజు

బాబాయికి ఆరో పచ్చ. నాలుగు రోజులు మిగిలాయి. నా మాటలన్నీ ఆయనకు పోసేసరికి శుక్రవారం నాకు పసుపు పడింది, వరస తెగి ఇవాళ్టికి మళ్ళీ రెండే పచ్చలు.

బాబాయి ఇప్పుడు తడబడడం లేదు. చెవి కింద నిలబడి, కప్పు వైపు చూస్తూ గడగడా చెప్పేస్తాడు. చెప్పగానే మొహం తుడుచుకుని తన బల్ల దగ్గరికి పోతాడు. తాడు దగ్గర మాత్రం మునుపటికంటే తక్కువ మాట్లాడుతున్నాడు. అడిగితే, "రోజుకి సరిపడా పొద్దున్నే వాగేత్తన్నాను గదే" అన్నాడు.

వెళ్ళే మనిషిని జంటలో మిగిలినవాళ్ళు పంపాలి. అది ఇక్కడి ఆచారం. శనివారం పొద్దున్న అందరి ముందూ లేచి "పంపుతున్నాను" అనాలి. అన్నాకే మస్తానమ్మక్క పడవ కాగితం మీద సంతకం పెడుతుంది. ఆ మాట ఎలా పలకాలా అని ఇప్పటినుంచే అభ్యాసం చేస్తున్నాను. అంత చిన్న మాటను పెద్దగా అనకూడదు. మెల్లగా, ప్రతి అక్షరం వినిపించేలా.


ఫిబ్రవరి 12, బుధవారం. డెబ్భై తొమ్మిదో రోజు

కొత్త మాట దొరికింది: గగుర్పాటు. ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం. పొడి మానేసిన మొదటి వారం నా చర్మమంతా ఈకలు పీకిన కోడిలా ఉండేది. దానికి ఇంత మర్యాదగల పేరుందని తెలియదు.

దొరికిన గంటకే మాట పనికొచ్చింది. గట్టు మీద కరెంటు అలల నుంచీ ఎండ నుంచీ వస్తుంది, చప్పుడే ఉండదు. కానీ తుఫానుల కోసం కింది అంతస్తులో పాత నూనె ఇంజను ఒకటి ఉంచారు. నెలకోసారి ఇరవై నిమిషాలు తిప్పి చూస్తారు. ఇవాళ తిప్పారు. దడదడమని కాళ్ళ కింద ఇనుమంతా అదిరింది. తాడు లాగుతూ కిందికి చూశాను. బాబాయి చేతిలో గుల్లలు గీకే చాకు ఆగిపోయి ఉంది. మోచేతి దాకా గగుర్పాటు. ఒకదాని వెంట ఒకటి ఆవలింతలు. అరచెయ్యి లుంగీకి తుడుచుకుంటున్నాడు, మళ్ళీ తుడుచుకుంటున్నాడు.

"చలా బాబాయ్?"

"ఆ. గాలి."

గాలి లేదు. కిందటి నెల ఇంజను తిప్పిన రోజు ఆయన జ్వరంతో పడుకుని ఉన్నాడు, వణికితే జ్వరమే అనుకున్నాం. మళ్ళీ జ్వరం వస్తుందేమో, మస్తానమ్మక్కకు చెప్పాలి.

చెప్పలేదు. మాట దొరికిన సంతోషంలో గదికి పరుగెత్తి ఇది రాస్తున్నాను.


ఫిబ్రవరి 13, గురువారం. ఎనభయ్యో రోజు

పదో పచ్చ. చెంచాల మోతకు కప్పు మీది సముద్రపు పక్షులు లేచిపోయాయి. బాబాయి నా దగ్గరికి వచ్చి, ఎప్పుడూ చేయనిది, నా తల మీద చెయ్యి పెట్టాడు. "నీ రుణం ఉంచుకోనే అమ్మడూ. మా ఊరొత్తే సందువా సేప పులుసు పెడతాను," అన్నాడు.

శనివారం పడవ ఖాయం.


ఫిబ్రవరి 14, శుక్రవారం. ఎనభై ఒకటో రోజు

ఇవాళ్టిది ఉన్నదున్నట్టు రాయాలి. అలంకారాలు వద్దు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మస్తానమ్మక్క ఇంటి పత్రం చదివింది. ఐదు పచ్చలు దాటాక ఆ మనిషి చెవితో చెప్పినదంతా ఏరి, ఇంట్లో ఏమేమి జాగ్రత్తలు పడాలో రాసి, ఇంటికి పంపుతారు. ఇంటివాళ్ళ జవాబు వచ్చాక రెండూ కలిపి అందరి ముందూ చదువుతారు. ఇది నాకు తెలుసు. ఇంతకుముందు మూడు పత్రాలు విన్నాను. తెలిసి కూడా ఎందుకు తట్టలేదో తెలియదు.

"తడి సిమెంటు వాసన తగలనీయరాదు. వాన పడేటప్పుడు ఒంటరిగా వదలరాదు. తడిసిన గోడలకు దూరంగా పడక వెయ్యాలి," అని చదివింది అక్క. తర్వాత బాబాయి భార్య జవాబు.

"మీరు చెప్పినట్టే చేశామండి. పక్కింటివాళ్ళు స్తంభాలకు సిమెంటు పూత పెట్టించుకుంటుంటే కాళ్ళావేళ్ళా పడి ఆపించాను. మంచం మార్చాను. వాన పడితే మా అత్త ఆయన పక్కనే కూర్చుంటానంది. ఖాళీగా ఉంటే మంచిది కాదని మా తమ్ముడి పడవలో, ఇంజను గదిలోనే, పని కుదిర్చాను. ఆయనకు ఇంజనంటే ప్రాణం కదండీ. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అందులోనే ఉండొచ్చు."

అందరూ చెంచాలు మోగించారు. నేను బాబాయి చెయ్యి చూశాను. బల్ల మీద ఉంది. ఏ ఇంజనూ తిరగడం లేదు. ఊరికే ఆ మాట వినబడింది, అంతే. మోచేతి దాకా గగుర్పాటు.

ఒక ఇల్లాలు నా హాస్టలు మెట్ల నుంచి తన మొగుణ్ణి కాపాడడానికి ఊరంతా తిరిగింది. ఆయన్ను చంపేదాన్ని మాత్రం ప్రేమగా తెచ్చి చేతిలో పెడుతోంది.

చంపేది అని ఊరికే రాయలేదు. ఇక్కడికి వచ్చిన మొదటి రోజే మస్తానమ్మక్క ప్రతివాళ్ళకూ చెప్పే మాట ఒకటుంది: "ఇంటికి పోయినాక చచ్చినోళ్ళలో ఎక్కువమంది బాగుపడినోళ్ళేమే. ఒళ్ళు తట్టుకునేది మర్చిపోయుంటది. చెయ్యి మాత్రం పాత కొలతే గుర్తు పెట్టుకోనుంటది."

తాడు దగ్గర అడిగాను.

"బాబాయ్, నువ్వు పొడి తీసుకున్నది ఎక్కడ?"

"ఇప్పుడెందుకే?"

"ఇంజను గదిలోనేనా?"

చాకు ఆగింది. "అది నా గుడి. ఇక్కడ చేరిన రోజే నీకు సెప్పాను గదా."

"గుడిలో ఏం చేసేవాడివి?"

ఇంకో రెండు గుల్లలు గీకాడు. తర్వాత, "ఇంజను తిరుగుతుంటే ఎవరికీ ఏం ఇనబడదు. ఎవరూ రారు. వెచ్చగుంటాది," అన్నాడు. మళ్ళీ అన్నాడు, "పర్లేదు. అదంతా అయిపోయింది."

"అయిపోలేదు. నీ చెయ్యి చూశాను. నేను రేపు పంపుతున్నాను అనలేను బాబాయ్."

అప్పుడు లేచాడు. ఆయన అంత పొడుగని నాకు అప్పుడే తెలిసింది.

"నువ్వే గదే నేర్పావు? నాలుగుసార్లు అప్పజెప్పించావు. పచ్చ ఎలిగితే పకపకా నవ్వావు. ఇప్పుడు రేవు దగ్గరికొచ్చాక పడవకి సిల్లు పెడతావా? నా కూతురు నీళ్ళల్లోకి దిగి పక్కకి సూత్తే ఎవుడుంటాడు? నీ నిగంటువు ఉంటాదా?"

ఇన్ని మాటలు పోగేశాను, ఒక్కటీ రాలేదు. ఆయన తాడు వదిలేసి వెళ్ళిపోయాడు. ఒక్కదాన్నే దాన్ని లాగి కట్టేసరికి అరచేతులు దోక్కుపోయాయి.

అక్కడినుంచి నేరుగా మస్తానమ్మక్క గదికి వెళ్ళాను. ఆవిడ మందుల అలమర తుడుస్తోంది. ఆవిడ కూడా ఒకప్పుడు ఇలాంటి చోటే ఉండి బయటపడ్డ మనిషి, ముందు పళ్ళు రెండు లేవు. నోటుబుక్కు ఆవిడ చేతిలో పెట్టాను. నిలబడే చదివింది. మధ్యలో తారీకులు లేని చోట వెనక్కీ ముందుకీ తిప్పింది, ఆ రోజుల్లో నేను రాయలేదని చెప్పాను.

చదివాక, తాడు దగ్గర బాబాయి చెప్పిన ఇంజను గది సంగతి కూడా నా నోట విని, కుర్చీలో కూలబడింది. తిడుతుందని కాచుకున్నాను.

"నేనూ పదేండ్ల ముందు దాకా ఒక్కోరి ఎదురుగ్గా కూర్చోని వినేదాన్నిమే. చెవి తగిలించినాక పత్రాలు రాసేదే పనైపోయింది. ఆయప్ప కప్పు దిక్కు చూసి చెప్తా ఉంటే నాకు అనుమానం రావద్దా?" అంది. తర్వాత గొంతు మార్చింది. "నీ ఏడు పచ్చలు పోయినాయి. సోమవారం నుంచి మళ్ళీ మొదట్నించి."

"సరే అక్కా."

"సరే గాదు. ఏడుపొస్తే ఏడువు."

ఏడ్చాను. ఆ తర్వాత, "రేపు ఆయన్ను ఆపుతారా?" అని అడిగాను.

"సంతకం పెట్టను. కానీ ఇది జైలు గాదు, తలుపులకి తాళాల్లేవు. కాగితం లేకుండా పడవ ఎక్కతానంటే చెయ్యి పట్టి లాగేది లేదు. ఆయన కాళ్ళు, ఆయన ఇష్టం. ఇంటికి మాత్రం ఇప్పుడే కబురు పెడతా, ఇంజను గది వద్దని."

గదికి వస్తే పైడితల్లి నా చేతులకు కొబ్బరినూనె రాసింది. ఏం జరిగిందో అడగలేదు. "నాకు రాసి పెట్టొద్దులే గుంటా," అని మాత్రం అంది. "కంచాలే నయం."

సాయంత్రం, ఎండ ఇంకా ఉండగానే, బాబాయి వచ్చాడు. నేను తాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాను. కాస్త ఎడంగా కూర్చున్నాడు. నా వైపు చూడలేదు.

"నువ్వన్నది అబద్దమని తేలుద్దామని కిందకెల్లాను," అన్నాడు. "ఆ తుపాను ఇంజనుండే గది తలుపు దగ్గరికి. ఇంజను ఆగే ఉంది. ఊరికే నూనె వాసన. గొళ్ళెం మీద సెయ్యేసాను." తన అరచెయ్యి చూసుకున్నాడు. "ఏసిన సెయ్యి తియ్యలేకపోయాను అమ్మడూ. లోపలేదో ఉన్నట్టు. లోపలేం లేదని నాకు తెలుసు. అయినా నోట్లో నీళ్ళు ఊరుతున్నాయి, ఏడుపొత్తంది, కాళ్ళు పీకుతున్నాయి, అన్నీ ఒక్కసారి. పైడితల్లి మెట్ల మీద ఎవరినో పిలిత్తే ఆ పిలుపు పట్టుకుని పైకొచ్చేసాను."

ఇన్ని రోజుల్లో ఆయన నోట ఇన్ని మాటలు వినలేదు. దీన్ని ఇలా కాకుండా ఇంకోలా చెప్తే బాగుంటుందని నాలో ఒక గొంతు లేచింది. "పిలుపు పట్టుకుని" దగ్గర దాని నోరు మూతపడింది. అది నాకు తట్టేది కాదు.

"రేపు పడవ?" అన్నాను.

తల అడ్డంగా ఊపాడు. "ఎల్తే ఆ ఇంజను గదిలోకే ఎల్తాను. ఎల్లనని నా నోటితో నేను సెప్పలేను." తర్వాత జేబులోంచి కాగితం తీశాడు. "దానికి కబురు పంపాలి. నువ్వు రాయి. నేను సెప్పిందే రాయి."

అదీ ఇది. ఇక్కడ కూడా ఎక్కించుకుంటున్నాను. ఒక్క అక్షరం దిద్దలేదు.

"సాగరికా, ఈతకి నాన్న రాడు. నాన్నకి ఇంజను సప్పుడంటే బయం. నిన్నటిదాకా దాచాను. అమ్మ పడవేత్తాది, అమ్మకి నాకంటే బాగా వచ్చు. మద్దెలో నీళ్ళు సల్లగుంటాయి, అక్కడ నీకు బయమేత్తే పర్లేదు అనకు. గట్టిగా అరిసెయ్యి. అమ్మకి ఇనబడాలి."

రాయడం అయ్యాక కాగితం తీసుకుని, చదవడం రాకపోయినా పై నుంచి కింద దాకా చూశాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. రేపటి పడవలో ఆయన బదులు అది వెళ్తుంది.

మస్తానమ్మక్కకు చెప్పాను. రేపు ఆరింటికి, ఇంకా ఎవరూ భోజనశాలకు రాకముందు, ముగ్గురం కిందికి దిగుతాం. ఇంజను గది తలుపు తెరవం. ఆయన దాని ముందు ఇరవై లెక్కపెట్టేదాకా నిలబడతాడు, అక్క ఒక పక్క, నేను ఒక పక్క. లెక్క నేనే పెట్టాలని ఆయన అడిగాడు. ఒక షరతు కూడా పెట్టాడు: అంకెలు తప్ప ఇంకో మాట అనకూడదు. ఐదున్నరకు లేపమని పైడితల్లికి చెప్పి పడుకుంటాను.